ఓడిన రాత్రి ఏం మాట్లాడారు?

2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రటిక్‌ పార్టీ టికెట్‌ కోసం హిల్లరీ క్లింటన్‌, బరాక్‌ ఒబామా, జాన్‌ ఎడ్వర్డ్స్‌ పోటీ పడ్డారు. ముగ్గురి విధానాలూ ఇంచుమించు ఒకటే. మనిషికీ మనిషికీ తేడా మాత్రం మైకు ముందు బయటపడింది.

2007 మార్చి 4, ఆదివారం. అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రంలోని సెల్మా. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం ఎడ్మండ్‌ పెటస్‌ వంతెన మీదుగా నడిచిన నల్లజాతివాళ్లను పోలీసులు లాఠీలతో కొట్టి, బాష్పవాయువు వదిలి చెల్లాచెదురు చేసిన ఊరది. ఏటా ఆ రోజును స్మరించుకుంటారు. 2007లో ఆ కార్యక్రమానికి అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న ఇద్దరు డెమోక్రాట్లు ఒకే పూట వచ్చారు. బ్రౌన్‌ చాపెల్‌లో ఒబామా, అక్కడికి కూతవేటు దూరంలోని ఫస్ట్‌ బాప్టిస్ట్‌ చర్చిలో క్లింటన్‌ మాట్లాడారు.

ఆనాడు దెబ్బలు తిన్నవాళ్ల చలవ వల్లే ఇవాళ తాము ఇక్కడ నిలబడగలిగామన్నది ఇద్దరి మాటా. క్లింటన్‌ దాన్ని వాదనగా చెప్పారు. ఓటు హక్కు చట్టం వల్ల సెనేటర్‌ ఒబామాకు అధ్యక్ష పదవికి పోటీ చేసే అవకాశం దక్కింది, హిస్పానిక్‌ అయిన గవర్నర్‌ బిల్‌ రిచర్డ్‌సన్‌కూ దక్కింది, అదే స్ఫూర్తి వల్ల తనకూ దక్కిందన్నారు. ప్రత్యర్థుల పేర్లు గౌరవంగా తలుస్తూనే, ఆ వంతెన మీద నడిచినవాళ్లు ఆడవాళ్లకు కూడా దారి వేశారని తేల్చారు. ఎంతో ఆలోచించి కూర్చిన మాట అది. అయితే అదే ప్రసంగంలో ఆమె ఒక పాత చర్చి పాట పంక్తుల్ని దక్షిణాది యాసలో అందుకున్నారు. చానళ్లు ఆ కొద్ది క్షణాలనే పట్టుకుని తిప్పి తిప్పి చూపించాయి. అసలు వాదన జనానికి చేరనే లేదు.

ఒబామా అదే మాటను కథగా చెప్పారు. బైబిల్లో మోషే తన వాళ్లను బానిసత్వం నుంచి బయటికి తెచ్చాడు గానీ వాగ్దాన భూమిలో అడుగు పెట్టలేకపోయాడు. ఆ పని యెహోషువకు మిగిలింది. ఉద్యమంలో నడిచిన పెద్దలను మోషే తరమని కొలిచి, తన ఈడువాళ్లను యెహోషువ తరమని పిలిచి, మరి మన వంతు ఏం చేస్తున్నామని అడిగారు. సోఫాలో చతికిలబడి టీవీలో ఆటల చానల్‌ చూసే బాబాయి లేచి నలుగుర్ని ఓటర్లుగా నమోదు చేయిస్తే మన రాజకీయం ఇలా ఉంటుందా అన్నారు. ఇంట్లో తొడుక్కునే చెప్పులు విడిచి, ఊరేగింపుకు పనికొచ్చే బూట్లు వేసుకోమన్నారు. జనానికి నవ్వొచ్చింది, చప్పట్లు కొట్టారు. చీవాట్లు తమకేనని వాళ్లకు తెలుసు.

ఆ ప్రసంగంలో తప్పూ ఉంది. సెల్మా ఇచ్చిన ధైర్యంతోనే తన తల్లిదండ్రులు ఒకటయ్యారని, తను పుట్టానని అర్థం వచ్చేలా మాట్లాడారాయన. ఆయన పుట్టింది 1961లో. సెల్మా జరిగింది 1965లో. విలేకరులు నిలదీస్తే, మొత్తం పౌరహక్కుల ఉద్యమాన్ని ఉద్దేశించి అన్నానని సర్దుకున్నారు. కథ అందంగా అల్లేవాడి దగ్గర నిజం ఒక్కోసారి ఇలా పక్కకు జరుగుతుంది. క్లింటన్‌ వాదనలో అలాంటి బెజ్జం లేదు. అయినా ఆ రోజు జనం మనసులో నిలిచింది కథే. ఈ ఇద్దరి పోటీ అంతటికీ ఆ ఆదివారమే నమూనా అని నా నమ్మకం.

మాట ఒక్కటే మిగిలిన చోట

మన దగ్గర ఒకే పార్టీ టికెట్‌ కోసం ఇద్దరు జనం ముందు నిలబడి వాదించుకోవడం కనబడదు. బీ ఫారం ఎవరి చేతికి వెళ్లాలో అధినాయకత్వం తేలుస్తుంది. 1978-83 మధ్య ఆంధ్రప్రదేశ్‌కు కాంగ్రెస్‌ నలుగురు ముఖ్యమంత్రుల్ని ఇచ్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్‌, కోట్ల విజయభాస్కరరెడ్డి... వీళ్లలో ఎవరు కావాలని ఓటరును అడిగింది లేదు. అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరో కూడా ఓటర్లే రాష్ట్రాలవారీగా తేలుస్తారు. కొన్ని రాష్ట్రాల్లో మామూలు బ్యాలెట్‌తో ప్రైమరీ జరుగుతుంది. మరికొన్నింట్లో కాకస్‌ పెడతారు. 2008లో అయోవాలో కాకస్‌ అంటే జనవరి చలిలో, రాత్రిపూట, బడిలోనో చర్చి హాల్లోనో ఇరుగుపొరుగువాళ్లందరూ గుమిగూడి తమ అభ్యర్థి వైపు గుంపుగా నిలబడటం. చాలాచోట్ల పదిహేను శాతం కూడా కూడని గుంపు చెదిరి మరో గుంపులో కలవాలి. పక్కింటివాళ్ల ఎదుట, అందరూ చూస్తుండగా ఒకరి పక్షాన నిలబడాలంటే ఆ మనిషి మీద గట్టి నమ్మకం ఉండాలి.

రెండు పార్టీలు తలపడే అసలు ఎన్నికలో ఓటరుకు జెండా ఉంటుంది, అలవాటు ఉంటుంది. ప్రైమరీలో అవేవీ లేవు. క్లింటన్‌, ఒబామా ఆరోగ్య బీమా పథకాల్లో పెద్ద తేడా ఒక్కటే: ఆమె అందరూ బీమా తీసుకోవడం తప్పనిసరి అన్నారు, ఆయన పిల్లలకు మాత్రమే తప్పనిసరి చేస్తానన్నారు. ఇరాక్‌ యుద్ధం విషయంలో మాత్రం నిజమైన అగాధం ఉంది. 2002 అక్టోబర్‌ 2న షికాగో ఫెడరల్‌ ప్లాజాలో, అప్పటికి రాష్ట్ర చట్టసభ సభ్యుడు మాత్రమే అయిన ఒబామా, తాను యుద్ధాలన్నింటికీ వ్యతిరేకిని కానని, ఇది మాత్రం తెలివితక్కువ యుద్ధమని అన్నారు. తొమ్మిది రోజుల తర్వాత సెనేటర్‌ క్లింటన్‌ ఆ యుద్ధానికి అనుమతి ఇచ్చే తీర్మానానికి ఓటేశారు. ఆనాటి షికాగో ప్రసంగం పూర్తి రికార్డింగు లేకపోతే ఒబామా బృందం ఆయనతోనే మళ్లీ చదివించి ప్రచారంలో వాడుకుంది. అయిదేళ్ల కిందటి చిన్న సభలో అన్న మాట అంత విలువైనదైంది.

మూడో మనిషి

జాన్‌ ఎడ్వర్డ్స్‌ను ఈ కథలో చాలామంది మరిచిపోతారు. అది న్యాయం కాదు. మిల్లు కార్మికుడి కొడుకు, కోర్టుల్లో పేరు మోసిన లాయరు. ఆయన ఉపన్యాసాల్లో ఆ రెండూ వినబడతాయి. అంగిలి చీలికతో పుట్టి, బీమా లేక చికిత్స చేయించుకోలేక, యాభై ఏళ్లపాటు మాట రాకుండా బతికిన ఒక మనిషి గురించి సభ సభలోనూ చెప్పేవారు. చిన్న ఆపరేషనుతో పోయే బాధ తీరడానికి ఈ దేశంలో యాభై ఏళ్లు పట్టిందని చెప్పి, ఒక్క క్షణం ఆగేవారు. జ్యూరీ ముందు సాక్ష్యం పెట్టి, ఇక మీరే తేల్చండన్నట్టు నిలబడే లాయరు నిదానం అది. ఒకటి ఉన్నవాళ్ల అమెరికా, మరొకటి లేనివాళ్ల అమెరికా అన్న ఆయన పాత పల్లవి ఈ రోజుకూ చెల్లుతుంది. అయితే ఆ కథలో బాధితుడు ఉన్నాడు, దుర్మార్గపు కంపెనీ ఉంది, పోరాడే వకీలు ఉన్నాడు. వింటున్నవాడికి మాత్రం సానుభూతి చూపడం తప్ప వేరే పని లేదు.

నోట్సు లేని వేదిక

2007 నవంబర్‌ 10న అయోవా రాజధాని డెమాయిన్‌లో డెమోక్రాట్ల జెఫర్సన్‌-జాక్సన్‌ విందు. వేల మంది పార్టీ కార్యకర్తల నడుమ వేదిక, చుట్టూ జనం. చేతిలో కాగితం ఉండకూడదు, ఎదురుగా టెలిప్రాంప్టర్‌ ఉండకూడదు. అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి, కంఠతా పట్టిన ప్రసంగం చెప్పి దిగాలి. ముగ్గుర్నీ ఒకే కొలబద్దతో కొలవాలంటే ఈ రాత్రికి మించింది లేదు.

క్లింటన్‌ ఆ రాత్రి మనవాళ్ల మీద కాదు, రిపబ్లికన్ల మీద వేడి పెంచుదామని పిలుపిచ్చారు. ఒక్కో సమస్య చెప్పడం, వేడి పెంచుదామని సభ చేత అనిపించడం. పల్లవి బాగానే పలికింది గానీ అది కార్యకర్తల నినాదమే. ఆమె మనసులో ఏముందో చెప్పలేదు. ఒబామా వంతు అందరికంటే చివర వచ్చింది. ముందు మాట్లాడినవాళ్ల హోరులో జనం అప్పటికే అలిసిపోయారు. ఆయన గొంతు తగ్గించి మొదలుపెట్టారు. వాషింగ్టన్‌ పాత పుస్తకం చూసి నడిపే ప్రచారంతో ఇక కుదరదన్నారు. జవాబు జనానికి నచ్చదేమోనన్న భయంతో ప్రశ్న దాటవేస్తే కుదరదన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరి గురించో అందరికీ తెలుసు. ఈ పదవి తనకు రావలసిన బాకీ అనుకుని పోటీ చేయడం లేదన్నారు. ఆ తర్వాత గొంతు పెరుగుతూ పోయింది. అయోవాలో గాలి ఆ రాత్రి నుంచే ఆయన వైపు మళ్లిందని ప్రచారంలో ఉన్నవాళ్లు చెబుతారు. 2008 జనవరి 3న కాకస్‌లలో ఒబామా గెలిచారు. ఎడ్వర్డ్స్‌ రెండో స్థానంలో, ఆయనకు వెంట్రుకవాసి వెనకాల క్లింటన్‌ మూడో స్థానంలో నిలిచారు.

అయిదు రోజులు

అక్కడి నుంచి న్యూ హాంప్‌షైర్‌ ప్రైమరీకి అయిదు రోజులు. ఒబామా పెద్ద మెజారిటీతో గెలుస్తారని సర్వేలు ఘోషించాయి. జనవరి 7న పోర్ట్స్‌మత్‌లో ఒక కాఫీ హోటల్లో కొద్దిమంది ఓటర్ల మధ్య కూర్చున్న క్లింటన్‌ను ఒకావిడ ఇదంతా ఎలా తట్టుకుంటున్నారని అడిగారు. క్లింటన్‌కు గొంతు పూడుకుపోయింది, కళ్లు చెమర్చాయి. తేలిక కాదని, ఈ దేశం వెనక్కి పోవడం చూడలేకే ఇదంతా చేస్తున్నానని అన్నారు. ఏడాదిగా వందల సభల్లో ముప్ఫై అయిదేళ్ల అనుభవం గురించి చెప్పిన మనిషి, ఎందుకు పోటీ చేస్తున్నారో అంత సూటిగా చెప్పడం అప్పటిదాకా ఎవరూ వినలేదు. ఆ కన్నీళ్లు నటన అన్నవాళ్లున్నారు. ఆ కొద్ది నిమిషాలూ చూసిన ఎవరికైనా ఆ మాట అన్యాయంగానే తోస్తుంది.

మర్నాడు ఆమె గెలిచారు. మాంచెస్టర్‌లో మైకు ముందుకొచ్చి, మీ మాట వింటూ వింటూ నా గొంతు నాకు దొరికిందన్నారు. అయోవాలో ఓడిన రాత్రి ఆమె వెనుక భర్త బిల్‌ క్లింటన్‌, మాజీ విదేశాంగ మంత్రి మాడలిన్‌ ఆల్బ్రైట్‌ నిలబడ్డారు. గెలిచిన ఈ రాత్రి కుర్రకారు చుట్టుముట్టి ఉన్నారు.

ఒబామా అదే రాత్రి నాషువాలో మాట్లాడారు. చేతిలో ఉన్నది గెలుపు కోసం రాసిన ప్రసంగం. ఇరవై ఆరేళ్ల జాన్‌ ఫావ్రో ఆయన రచనా బృందానికి పెద్ద. ఫలితం తారుమారయ్యాక కూడా ఆ ప్రసంగాన్ని పెద్దగా మార్చలేదు. క్లింటన్‌ను అభినందించి, అది తప్ప మిగతాదంతా గెలిచినవాడిలాగే చెప్పారు. బానిసలు, వలస వచ్చినవాళ్లు, కార్మికులు, ఓటు కోసం పోరాడిన ఆడవాళ్లు చీకటి రోజుల్లో ఏమని ధైర్యం చెప్పుకున్నారో వరసపెట్టి చెబుతూ, ప్రతిసారీ ‘యస్‌ వుయ్‌ కెన్‌’ దగ్గర ఆగారు. సభ అందుకుంది. ఆ నినాదం కొత్తది కాదు. 2004లో సెనేట్‌ ఎన్నికల్లో ఆయన వాడిందే. అంతకు ముందు 1970లలో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీల సంఘం స్పానిష్‌లో ఎలుగెత్తిన నినాదమే. అది ప్రపంచమంతా పాకింది మాత్రం ఓడిపోయిన రాత్రి నుంచి. కొన్ని వారాలకే దాన్ని పాటగా కట్టి ఇంటర్నెట్‌లో పెడితే లక్షల మంది విన్నారు. గెలిచి ఉంటే అది మరో విజయసభ అయి ముగిసేది. ఓటమి వల్ల అందులోని ప్రతి మాటా పరీక్షకు నిలబడవలసి వచ్చింది. అందుకే ఏ అభ్యర్థినైనా అంచనా వేయాలంటే అతను ఓడిన రాత్రి ప్రసంగం వినాలి. గెలిచినవాళ్లందరూ బాగానే మాట్లాడతారు.

మాటలతో కడుపు నిండుతుందా?

ఫిబ్రవరి నాటికి పోటీ ప్రసంగాల గురించే అయింది. ప్రచారం కవిత్వంలో సాగినా పాలన వచనంలోనే చేయాలన్న న్యూయార్క్‌ మాజీ గవర్నర్‌ మారియో క్యూమో మాటను క్లింటన్‌ అప్పటికే వాడారు. ఫిబ్రవరి 14న ఒహాయోలో, ఉపన్యాసాలతో కడుపు నిండదని, కారులో పెట్రోలు నిండదని, డాక్టరు రాసిన మందులు రావని తేల్చేశారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయగల మాట కాదు. ఉద్యోగాలు పోతున్న ఫ్యాక్టరీ ఊళ్లలో నిలబడి ఆమె అన్న మాట. ఎదురుగా ఉన్నవాళ్లకు అది తమ బతుకే.

రెండు రోజులకు మిల్వాకీలో ఒబామా జవాబిచ్చారు. మాటలకు విలువ లేదంటారా, మనుషులందరూ సమానులన్న ప్రకటన వట్టి మాటలేనా, నాకో కల ఉందన్న మార్టిన్‌ లూథర్‌ కింగ్‌వి వట్టి మాటలేనా అని అడిగారు. సభ ఊగిపోయింది. అయితే ఆ వాక్యాలు ఆయనవి కావు. మసాచుసెట్స్‌ గవర్నర్‌ పదవికి పోటీ చేస్తూ డెవాల్‌ పాట్రిక్‌ 2006లో తన మీద అదే విమర్శ వస్తే దాదాపు అవే మాటలన్నారు. పాట్రిక్‌ మిత్రుడే, ఆయనే వాడుకోమన్నారు కూడా. కానీ మాటల విలువ గురించి వాదిస్తున్నప్పుడు ఎవరి మాటో చెప్పకపోవడం చిన్న తప్పు కాదు. పేరు చెప్పి ఉండాల్సిందని ఒబామా ఒప్పుకున్నారు.

క్లింటన్‌కు అది చేతికందిన అవకాశం. ఫిబ్రవరి 21న ఆస్టిన్‌ చర్చావేదికలో, ఇది నమ్మదగిన మార్పు కాదు, జిరాక్స్‌ తీసిన మార్పు అన్నారు. సభికులు గేలి చేశారు. ఎవరో రాసిచ్చి చేతిలో పెట్టినట్టు వినబడింది ఆ మాట. అదే రాత్రి చివర్లో, ఒబామా పక్కన కూర్చోవడం తనకు గౌరవమని, ఏం జరిగినా తామిద్దరికీ లోటు లేదని, ఈ దేశ ప్రజలకూ లోటు లేకుండా ఉండాలన్నదే తన ఆశ అని ఆమె అన్నప్పుడు సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఒకే చర్చలో, ఒకే మనిషి. రాసిచ్చిన చమత్కారంలో లేని బలం ఆ మామూలు మాటలో ఉంది.

మార్చి 4న ఒహాయో గెలిచాక కొలంబస్‌లో ఆమె మాట పూర్తిగా మారింది. ఇక అయిపోయిందని లోకం లెక్కగట్టినా కూలిపోనివాళ్ల కోసం, తడబడి పడి మళ్లీ లేచినవాళ్ల కోసం ఈ గెలుపు అన్నారు. తర్వాత పెన్సిల్వేనియాలో, తాత పనిచేసిన స్క్రాంటన్‌ లేసు మిల్లు గురించి చెప్పారు. అనుభవాల జాబితా చదివిన మనిషి స్థానంలో దెబ్బలు తిన్నా నిలబడ్డ మనిషి వచ్చింది. వెనకబడుతున్న కొద్దీ ఆమె ప్రసంగం మెరుగుపడుతూ పోయింది. ఈ మార్పును అప్పట్లో పత్రికలు తగినంతగా గుర్తించలేదు.

ఫిలడెల్ఫియా

ఒబామాకు అసలు పరీక్ష మార్చి 18న ఎదురైంది. ఆయన చర్చి పాస్టరు జెరమయా రైట్‌ అమెరికాను శపిస్తూ చేసిన ప్రబోధాల వీడియోలు టీవీలకెక్కాయి. మామూలు నాయకుడైతే ఆయనతో సంబంధం లేదని ఒక ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకునేవాడు. ఒబామా ఫిలడెల్ఫియాలోని రాజ్యాంగ కేంద్రంలో నిలబడి ముప్ఫై ఏడు నిమిషాలు జాతివివక్ష గురించి మాట్లాడారు. కేకలు లేవు, నినాదాలు లేవు. రైట్‌ మాటలు తప్పని ఖండించారు. ఆ మనిషిని మాత్రం వదులుకోలేనన్నారు. తనను పెంచిన తెల్లజాతి అమ్మమ్మ, వీధిలో నల్ల మగవాళ్లు ఎదురైతే భయపడ్డానని ఒకసారి తనతో చెప్పిన అమ్మమ్మను ఎలా వదులుకోలేనో ఇదీ అంతేనన్నారు. నల్లవాళ్ల కోపానికి కారణం చెప్పారు. వెంటనే తెల్లజాతి కార్మికుల ఉక్రోషానికీ కారణం చెప్పారు. ఇద్దరి మాటా వినాలని ఇద్దరికీ చెప్పడానికి గుండె ధైర్యం కావాలి.

ఆరు వారాలు తిరగకముందే రైట్‌ వాషింగ్టన్‌లో మళ్లీ నోరు పారేసుకున్నారు. ఏప్రిల్‌ 29న ఒబామా ఆయనతో తెగతెంపులు చేసుకున్నారు. అందుకని ఫిలడెల్ఫియా ప్రసంగం అబద్ధమైపోదు. కాకపోతే ఎంత గొప్ప ప్రసంగమైనా తర్వాతి రోజుల రాజకీయాన్ని ఆపలేదని తెలిసింది.

సభలో మాట్లాడిందే మనిషి మొత్తం కాదు. ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విరాళాలిచ్చేవాళ్ల మధ్య, ఉపాధి పోయిన చిన్న ఊళ్లవాళ్లు కసితో తుపాకుల్నీ మతాన్నీ పట్టుకుని వేలాడుతున్నారని ఒబామా అన్నారు. ఫిలడెల్ఫియాలో అదే జనం గురించి ఎంతో మర్యాదగా మాట్లాడిన మనిషే. అంతకుముందు ఏడాది ఆయన బృందం విలేకరులకు గుట్టుగా అందించిన ఒక కాగితంలో క్లింటన్‌ను పంజాబ్‌ ప్రతినిధి అని వెక్కిరించారు. ప్రవాస భారతీయులు భగ్గుమన్నారు. అది తెలివితక్కువ పని అని ఒబామా ఒప్పుకున్నారు. క్లింటన్‌ వైపూ మచ్చ ఉంది. 1996లో బోస్నియాలోని తూజ్లాలో తుపాకీ గుళ్ల మధ్య విమానం దిగి పరుగెత్తానని మార్చి 17న ఆమె చెప్పారు. పాత వీడియోలో చూస్తే ఒక చిన్నపిల్ల ఎదురొచ్చి స్వాగతం చెబుతోంది. తప్పుగా చెప్పానని ఆమె ఒప్పుకోక తప్పలేదు.

చివరి మాట ఓడినామెదే

జూన్‌ 3 రాత్రి ఒబామాకు కావలసినంత మంది డెలిగేట్లు (పార్టీ మహాసభలో ఓటేసే ప్రతినిధులు) కూడారు. అదే రాత్రి న్యూయార్క్‌లో క్లింటన్‌ ఓటమి ఒప్పుకోలేదు, ఈ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోనన్నారు. ఆ పోటీలో ఆమె చేసిన ప్రసంగాల్లో నాకు నచ్చనిది అదే. నాలుగు రోజుల తర్వాత, జూన్‌ 7న, వాషింగ్టన్‌లోని నేషనల్‌ బిల్డింగ్‌ మ్యూజియంలో చేసిన ప్రసంగం దాన్ని తుడిచేసింది. ఆడవాళ్లను అడ్డుకున్న ఆ గాజు పైకప్పును ఈసారి పగలగొట్టలేకపోయినా, మీ పుణ్యమా అని దానికి కోటీ ఎనభై లక్షల పగుళ్లు పడ్డాయన్నారు. తనకు పడిన ఓట్ల లెక్క అది. ఆ సమయానికి అంతరిక్షంలో ఉన్న మహిళను తలచుకుని, యాభై మంది ఆడవాళ్లను అంత ఎత్తుకు పంపగలిగినప్పుడు వైట్‌హౌస్‌కు ఒకామెను పంపలేమా అన్నారు. అలా జరిగి ఉంటే, ఇలా చేసి ఉంటే అని వగస్తూ కూర్చోవద్దన్నారు. ఒబామాతో కలిసి నిలబడి చెబుతున్నానంటూ ‘యస్‌ వుయ్‌ కెన్‌’ అన్నారు. అయిదు నెలల కిందట తాను గెలిచిన రాత్రి ప్రత్యర్థి ఎత్తుకున్న నినాదం అది.

ఆగస్టు 26న డెన్వర్‌ మహాసభలో ఆమె ఇంకో మెట్టు ఎక్కారు. ఒబామాకు ఓటేయడానికి ఇంకా మనసొప్పని తన మద్దతుదారుల్ని సూటిగా అడిగారు: మీరు ఈ ప్రచారంలోకి నా ఒక్కదాని కోసమే వచ్చారా? తనకూ తోటివాళ్లకూ వైద్యం అడిగిన ఆ మెరీన్‌ కుర్రాడి కోసం కాదా? బీమా లేకుండా క్యాన్సరుతో పోరాడుతూ పిల్లల్ని పెంచుతున్న ఆ తల్లి కోసం కాదా? కనీస వేతనంతో ఇల్లు నెట్టుకొస్తున్న అమ్మ ఉన్న ఆ అబ్బాయి కోసం కాదా? ప్రచారమంతా తన అర్హతలు చెప్పుకున్న నాయకురాలు, తనను పక్కన పెట్టి వీళ్లను చూడమని అడిగారు. ఆ పోటీ కాలంలో ఒబామా ప్రసంగాలన్నీ కలిపి చూసుకున్నా, నా లెక్కలో ఇది వాటికి తీసిపోదు. మర్నాడు రాష్ట్రాల ఓట్ల లెక్క నడుస్తుండగా న్యూయార్క్‌ వంతు వచ్చింది. క్లింటన్‌ తన రాష్ట్ర ప్రతినిధుల మధ్య నిలబడి లెక్క ఆపమన్నారు, సెనేటర్‌ బరాక్‌ ఒబామాను ఏకగ్రీవంగా పార్టీ అభ్యర్థిగా ప్రకటించాలని తీర్మానం ప్రతిపాదించారు. అధ్యక్షస్థానంలో ఉన్న నాన్సీ పెలోసీ మూజువాణి ఓటు అడిగితే హాలు హాలంతా అవునంది.